లింబాద్రి సంతకం చేసిన చీటీ

ఆ చలికాలం మొదలయ్యేసరికి మా కూరగాయల వాట్సాప్ గుంపులో నలభై రెండు కుటుంబాలు. అందరూ మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో, ముసఫా చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళే. ఆదివారం పొద్దున్నే తోట నుంచి లింబాద్రి గొంతు ఫోన్లో వినపడేది.

"అక్కా, ఈ వారం బీరకాయ ఉంటది, బెండ ఉంటది. టమాట సగం పచ్చిగున్నయి. సొరకాయలు ఒక ముప్పై తెగుతయి. పుంటికూర మస్తుగున్నది."

పుంటికూర అన్నచోట గోంగూర అని మార్చి నేను ఆ జాబితాను గుంపులో పెట్టేదాన్ని. ఎవరికేం కావాలో మంగళవారం సాయంత్రానికల్లా చెప్పాలి. బుధవారం అదంతా కలిపి లింబాద్రికి పంపేదాన్ని. శుక్రవారం చల్లబడ్డాక కోత. శనివారం ఏడింటికి గులాం మొహిద్దీన్ పికప్ మా విల్లా ముందు ఆగేది, తడి గోనెపట్టాలు కప్పిన పెట్టెలతో. పదింటికల్లా పంపకం అయిపోవాలి, లేకపోతే ఆకు వాడిపోతుంది. మధ్యలో దుకాణం లేదు, గోదాము లేదు. తోట, పికప్, మేం అద్దెకుండే ఆ విల్లా వరండా. అంతే.

పద్దెనిమిదేళ్ళుగా అబుదాబిలో నేను సత్యప్రసాద్‌గారి భార్యని. ఆ ఏడు మొదటిసారి ఆయన విజయదుర్గగారి భర్త అయ్యారు. సూపర్ మార్కెట్లో ఎవరో ఆయన్ని అలా పిలిస్తే ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పారు. నేనూ నవ్వాను గానీ, ఆ మాట లోపల దాచుకున్నాను.

అక్టోబరులో ఒకసారి గుంపులోని ఆడవాళ్ళం తోట చూడ్డానికి వెళ్ళాం. అల్ ఐన్ దారిలో గంట ప్రయాణం. రోడ్డుకి అటొక తోట, ఇటొక తోట, రెండూ ఒకే యజమానివి, అక్కడివాళ్ళ మాటలో అర్బాబ్‌వి. ఇటు మందులు కొట్టరు. అటు కొడతారు. గేటు దగ్గర లింబాద్రి మమ్మల్ని ఆపాడు. నలభై దాటిన మనిషి, సన్నగా, మెడకి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

"చెప్పులు ఈడనే ఇడువుండ్రి. ఈ బూట్లు ఏస్కోండ్రి. ఆ బాజు మట్టి ఈ బాజు రావద్దు. పార కూడ ఆడిది ఆడనే, ఈడిది ఈడనే."

"మా ఇంట్లో కూడా ఇంత మడి లేదయ్యా" అంది మాలో ఒకావిడ. అందరం నవ్వాం. లింబాద్రీ నవ్వాడు.

వలపందిరి కింద నడుస్తూ నాకొక్కదానికే చెప్పాడు. ఎనిమిదేళ్ళు అటు తోటలో పనిచేశాడట, వీపు మీద మందు టాంకీతో. చేతులు నా ముందు తిప్పి చూపించాడు.

"ఇప్పుడు మంచిగైనయి. గప్పుడైతే అన్నం చెంచాతోని తింటుంటి అక్కా. పప్పుల చెయ్యి వెడ్తే మంట. రెండేండ్ల కింద ఈ దిక్కు తెచ్చిండ్రు. అప్పటిసంది చేత్తోనే తింటున్న."

"మళ్ళీ అటు పంపరు కదా?"

"ఈడ తప్పు జరగకుంటె ఎందుకు పంపుతరు?"

అంత తేలిగ్గా చెప్పాడు. తప్పు జరక్కపోవడం అతని చేతిలోనే ఉన్నట్టు.

ప్రతి పెట్టెతో ఒక చీటీ వచ్చేది. ఏ పంట, ఏ మడి, ఏ రోజు కోసింది, ఎంత బరువు, కోసినవాడి పేరు, సంతకం. తోటకున్న సర్టిఫికెట్ ఆ చీటీల మీదే నిలబడుతుందని ముదీర్, అంటే తోట మేనేజరు, మాకు అరగంట చెప్పాడు. నేను ప్రతి శనివారం ఆ చీటీల ఫోటోలు గుంపులో పెట్టేదాన్ని. తర్వాత ఖాళీ పెట్టెలతో పాటు అవి తోటకి తిరిగి వెళ్ళి ఫైల్లో చేరేవి.

మొదట్లో ఆకుకూరల బరువుతో గొడవ వచ్చింది. అక్కడ తడితో తూచినది ఇక్కడికొచ్చేసరికి తగ్గేది. "చీటీలో అయిదు కిలోలుంది, ఇక్కడ నాలుగున్నరే ఉందేంటండీ?" అని శనివారం శనివారం పంచాయితీ. విసుగెత్తి లింబాద్రికి ఫోన్ చేశాను.

"ఆకుకూరలకి బరువు దగ్గర ఖాళీగా వదిలెయ్ లింబాద్రీ. నేనిక్కడ తూచి రాస్తాను. నువ్వు సంతకం పెట్టి పంపెయ్, చాలు."

"గట్ల చెయ్యొచ్చా అక్కా? ముదీర్ ఏమన్న అంటడేమో."

"ఏం అనడు. నిజంగా ఉన్న బరువే కదా రాసేది."

"సరె తియ్. నువ్వు రాస్తే ఒకటి, నేను రాస్తే ఒకటా."

అప్పటినుంచి ఆకుకూరల చీటీలు అలాగే వచ్చేవి. కింద వంకరటింకర సంతకం, పైన ఒక ఖాళీ గడి.

నవంబరులో కార్తీక వనభోజనాలు వచ్చాయి. రెండు వందల మంది. వంటల కమిటీ మా వరండాలోనే కూర్చుంది. ఎవరు ఏం తేవాలో రాసుకుంటుంటే, ఎవరూ అడక్కుండానే నేనే అన్నాను.

"గోంగూర బయట కొనకండి. మొత్తం మన తోటదే. నాది పూచీ."

"ముప్పై కిలోలు కావాలండీ!"

"వంద కావాలన్నా వస్తుంది."

అందరూ చప్పట్లు కొట్టారు. దేవి అయితే లేచి వచ్చి నన్ను కౌగిలించుకుంది. దేవి కాకినాడ పిల్ల, ముసఫాలో ఆహార పదార్థాలు పరీక్షించే లాబ్‌లో ఉద్యోగం. వాళ్ళ బాబుకి ఒంటినిండా పొక్కులు. మా కూరగాయలు వాడటం మొదలెట్టాక తగ్గాయని అందరికీ చెప్పేది.

ఆ బుధవారం లింబాద్రి ఫోన్ చేశాడు.

"అక్కా, పుంటికూరకు తెల్లదోమ వడ్డది. వేపనూనె కొట్టిన. మంచిగున్నయి రెండే సాళ్ళు. ఒక్క పెట్టె అయితది, అయిదారు కిలోలు. మిగిలింది పది రోజులు ముట్టద్దు."

"అయిదారు కిలోలా? నాకు ముప్పై కావాలని చెప్పాను కదా!"

"పురుగుకు జెప్పలె గదా అక్కా" అని నవ్వి, నేను నవ్వకపోయేసరికి గొంతు తగ్గించాడు. "ఆ దిక్కు తోటల మనోళ్ళు తిననీకి కొంత వేసుకున్నరు. గని అది మందు కొట్టే జాగ. అది నేనియ్య. ఇస్తే నన్ను మళ్ళ ఆడికే పంపుతరు. లేదని చెప్పుండ్రి, ఏమైతది? పప్పు చేసుకుంటరు."

ఏమీ అయ్యేది కాదు. ఇన్నేళ్ళూ ఆ మాట నేను ఎన్నిసార్లు అనుకున్నానో. లేదని చెప్పి ఉంటే, ఒకరిద్దరు ఎత్తిపొడిచేవాళ్ళు, మిగిలినవాళ్ళు దోసకాయ పచ్చడి చేసేవాళ్ళు. సాయంత్రానికి అందరూ మరిచిపోయేవాళ్ళు.

శుక్రవారం సాయంత్రం మీనా కూరగాయల మార్కెట్‌కి వెళ్ళాం. సత్యప్రసాద్‌గారు కారు నడుపుతూ అడిగారు.

"చెప్పెయ్యకూడదా దుర్గా వాళ్ళకి?"

"చప్పట్లు కొట్టించుకుని ఇప్పుడు లేదని చెప్పనా? మీకు తెలీదు, ఊరుకోండి."

మార్కెట్లో గోంగూర విమానంలో దిగిన అట్టపెట్టెల్లో ఉంది. ఒక్కో ఆకూ కడిగి తుడిచి ఆరబెట్టినట్టు నిగనిగలాడుతోంది. ఇంటికొచ్చి హాల్లో దుప్పటి పరిచి, కట్టలకున్న పురికొస విప్పి, తోటవాళ్ళు వేసేలాంటి రబ్బరు బాండ్లు వేశాం. ఆఫీసు ఫైళ్ళు సర్దినంత శ్రద్ధగా ఆయన కట్టలు కట్టారు. విప్పిన పురికొస అంతా ఒక కవర్లో పెట్టి, మా ఇంటి ముందు చెత్తడబ్బాలో వెయ్యకుండా, రెండు వీధులవతల వేసి వచ్చారు. ఆ పని చెయ్యమని నేను చెప్పలేదు.

మర్నాడు మొహిద్దీన్ వెళ్ళిపోయాక లింబాద్రి పంపిన పెట్టెడు గోంగూరను అందులో కలిపేశాను. మొత్తం తూచాను. చీటీలో ఖాళీగా ఉన్న గడిలో ముప్పై ఒకటి అని రాశాను. చెయ్యి వణికిందని చెప్పుకుంటే నాకు బాగుంటుంది. వణకలేదు. అంకె పొందిగ్గా వచ్చింది. ఫోటో తీసి గుంపులో పెట్టాను. ఎర్ర గుండెలు వరసకట్టాయి.

ఆదివారం పార్కులో చాపల మీద కూర్చుని ఆడవాళ్ళందరూ ఆకు గిల్లారు.

"ఒక్క చిల్లు లేదు చూడండి విజయదుర్గగారూ! ఆ లింబాద్రి బంగారమండీ."

"మా అత్తగారు చూస్తే ఆకుకి కూడా దిష్టి తీస్తారు."

"ఆవిడ తీసేది దిష్టి కాదులే, ఆకుకి ఈనెలు. మనం వండాక వంకలు కూడా తీస్తారు."

ఒకటే నవ్వులు. నేనూ నవ్వుతూనే ఉన్నాను. పచ్చడి రోట్లో నూరారు. విస్తరి ముందు సత్యప్రసాద్‌గారు పప్పు వేయించుకున్నారు, పులిహోర వేయించుకున్నారు. పచ్చడి గిన్నె వస్తే, "వద్దమ్మా, నాకు పడదు" అన్నారు. పాతికేళ్ళుగా ఆయనకి పడని గోంగూర లేదు. వెళ్ళేటప్పుడు దేవి మిగిలిన పచ్చి ఆకు కొంచెం సంచిలో వేసుకుంది. ఇంట్లో వండుకోవడానికనుకున్నాను.

పది రోజుల తర్వాత దేవి మధ్యాహ్నం పూట ఒక్కతే వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"విజయక్కా, మిమ్మల్ని ఆశ్చర్యపరుద్దామని చేశానండీ. మన గోంగూర లాబ్‌లో పెట్టి, 'చూడండి, ఏ మందూ లేదు' అని ఆ కాగితం గుంపులో పెడదామని. తీరా చూస్తే..." కాగితం నా చేతికిచ్చింది. మూడు మందుల పేర్లున్నాయి. "మా బాబు కూడా తిన్నాడండీ ఆ రోజు."

"ఎలా ఉన్నాడు?"

"బానే ఉన్నాడు. అది కాదండీ. మీరింత కష్టపడుతుంటే తోటలో వాళ్ళు ఇలా చేస్తారా? మీకెంత చెడ్డపేరు!"

నా కోసం ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడు చెప్పాల్సింది. దేవి ఒక్కతే ఉంది, తలుపు వేసి ఉంది, ఆ పిల్ల నన్ను క్షమించి ఉండేది కూడా.

"నేను కనుక్కుంటాను" అన్నాను.

"మీకెందుకండీ తలనొప్పి. కాగితం ముదీర్‌కి పంపేశాను. వాళ్ళే తేలుస్తారు."

ఆ సాయంత్రమే లింబాద్రి వాయిస్ మెసేజ్ వచ్చింది. పదకొండు సెకన్లు. "అక్కా, నేను ఒక్క పెట్టెనే పంపిన గదా. ముప్పై ఒక్క కిలోలని చీటీల ఉన్నదంటుండ్రు. నువ్వొక్క మాట ముదీర్‌కు చెప్పు, సరిపోతది."

ఎలా జరిగిందని అతను నన్ను అడగలేదు. ఎక్కడో పొరపాటు జరిగింది, అక్క చెప్తే సరైపోతుంది అన్నట్టుంది ఆ గొంతు. రెండుసార్లు విన్నాను. విన్నట్టు అతనికి నీలి గీతలు కనపడే ఉంటాయి. జవాబు ఇవ్వలేదు.

మర్నాడు ముదీర్ హిందీలో మాట్లాడాడు. నేను వంటింట్లో ఉన్నాను. చేతులకి పిండి ఉందని ఫోన్ స్పీకర్లో పెట్టాను. బల్ల దగ్గర సత్యప్రసాద్‌గారు వెల్లుల్లి ఒలుస్తున్నారు.

"మేడమ్, ఎక్కువ టైమ్ తీసుకోను. ఒకటే ప్రశ్న. ఆ గోంగూరతో వచ్చిన చీటీ నా ముందుంది. మీ ఇంటికి ఆ పెట్టెతో వచ్చింది ఈ చీటీయేనా?"

"ఆ చీటీయే."

"కింద సంతకం లింబాద్రిదే కదా?"

"అతనిదే."

"ఖలాస్. అయితే అవతలి తోటలోది కోసి కలిపాడు. ఆర్డరు పెద్దది కదా, ఆశపడ్డాడు. ఒక్క పెట్టే పంపానని ఒకటే పాట. మీరేమైనా చెప్పాలా?"

వెల్లుల్లి ఒలిచే చప్పుడు ఆగింది. రెండు ప్రశ్నలు అడిగాడు, రెంటికీ నిజమే చెప్పాను. మూడోది అడిగాడు.

"లేదు" అన్నాను.

"షుక్రన్ మేడమ్. మీలాంటివాళ్ళ వల్లే మా సర్టిఫికెట్ నిలబడుతోంది."

సత్యప్రసాద్‌గారు ఒలిచిన రెబ్బలన్నీ గిన్నెలో వేసి, పొట్టు చేత్తో పోగుచేసి, లేచి వెళ్ళిపోయారు. ఆ రాత్రి గానీ, తర్వాత ఎప్పుడూ గానీ ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే దెబ్బలాడ్డానికి నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఆయన ఆ అవకాశం ఇవ్వలేదు. శనివారాలు వరండాలోకి రావడం మాత్రం మానేశారు. పెట్టెలు దింపే వేళకి నడకకి వెళ్ళేవారు.

తోటవాళ్ళు తప్పు చేసినవాణ్ణి తీసేశారని తెలిశాక మా గుంపు మీద నమ్మకం ఇంకా పెరిగింది. జనవరికి అరవై ఎనిమిది కుటుంబాలయ్యాం. ఇప్పుడు జాబితా టైపు చేసి వచ్చేది. బరువు తోటలోనే రాసి పంపేవాళ్ళు. తగ్గినా ఎవరూ పేచీ పెట్టేవాళ్ళు కాదు. "ఎంత కచ్చితంగా ఉంటారండీ మీరు" అని కొత్తగా చేరినవాళ్ళు నన్ను మెచ్చుకునేవాళ్ళు. నేను "అబ్బే" అనేదాన్ని.

ఫిబ్రవరిలో ఒక శనివారం పెట్టెలు దింపుతూ మొహిద్దీన్ అన్నాడు. రాయచోటి మనిషి, ఏ మాటైనా నిమ్మళంగా చెప్తాడు.

"లింబాద్రి మతికుండాడా మేడమ్? మళ్ళా చేతులంతా పుండ్లు లేసినాయి. మొన్న చాయ్ గ్లాసు పట్టుకోలేకపాయ. నేనే తాపిస్తి."

తర్వాతి సంచి మీది పేరు బదులు ముందు సంచి పేరే మళ్ళీ చదివాను.

ఆ ఆదివారం "అల్ ఐన్ దారిలో పనుంది" అన్నాను. ఎందుకని అడక్కుండా సత్యప్రసాద్‌గారు కారు తాళాలు తీసుకున్నారు. దారంతా రేడియో కూడా పెట్టలేదు. అవతలి తోట గేటు దగ్గర ఆపి, "నేనిక్కడుంటాను" అన్నారు.

ఇక్కడ చెప్పులు విప్పమనేవాళ్ళు లేరు. దోసపాదుల మధ్య నుంచి లింబాద్రి వచ్చాడు. వీపు మీద టాంకీ, మూతికి గుడ్డ. నన్ను చూసి గుడ్డ కిందికి లాగాడు.

"అక్కా! ఎండలవడి వచ్చినవ్. దూరం నిలవడు, మందు వాసన."

చేతులు చూడకూడదనుకున్నాను. చూశాను. వేళ్ళ సందుల్లో తోలు లేచిపోయి ఎర్రగా ఉంది. దారిలో కూడబలుక్కున్నదంతా పోయి, "ఆకు నేను కలిపాను" అన్నాను. "మార్కెట్లో కొని కలిపాను. బరువు నేనే రాశాను."

"ఎరికే" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"నువ్వు జవాబియ్యలె గదా. గప్పుడెరికైంది."

టాంకీ దించి నేల మీద పెట్టి, నీడలోకి జరిగాడు. నేను గబగబా చెప్పుకుపోయాను. ముదీర్‌కి ఈ రోజే ఫోన్ చేస్తానని, ఉన్నది ఉన్నట్టు చెప్తానని, అతన్ని మళ్ళీ ఇటు తెప్పిస్తానని. చివరిదాకా విన్నాడు.

"నా జాగల కొత్తాయన వచ్చిండు, నేపాల్ ఆయన. మంచోడు. నేను ఆ దిక్కు పోతే ఆయనను ఈ దిక్కు తెస్తరు. ఈ టాంకీ ఎవని వీపు మీదన్న ఉండాల్సిందే." రోడ్డవతల తోట వైపు చూశాడు. "ముదీర్‌కు చెప్తవో చెప్పవో నీ ఇష్టం. నాకు ఇంకో పనున్నది నీతోని."

"ఏంటది? చెప్పు."

"మా ఊరాయన ఒకడు ఈడనే పని చేస్తడు. ఇంటికి ఫోన్ చేసి చెప్పిండు, మీ లింబాద్రి మందు కొట్టిన ఆకు దొంగతనంగ కలిపి దొరికిండని. మా ఇంటామె గౌరవ్వ మూడు నెలలసంది నాతోని సక్కగ మాట్లాడ్తలేదు. నేను కలపలేదంటే, మరి ఉత్తగనే పంపుతరా అంటది. పిల్లలు తినే కూరల విషం కలిపినవా అంటది. నేను చెప్తే ఇంటలేదు. నువ్వు చెప్పు."

గుడ్డకి చేతులు తుడుచుకుని, జేబులోంచి ఫోన్ తీసి, చూపుడు వేలితో నొక్కలేక చిటికెన వేలి కణుపుతో నొక్కాడు. మోగుతుండగానే నా చేతికిచ్చి, నాలుగడుగులు దూరంగా వెళ్ళి నిలబడ్డాడు.

"ఎవరు?" అంది అటువైపు ఆడగొంతు.

"నా పేరు విజయదుర్గ అమ్మా. అబుదాబిలో ఉంటాను. తోట కూరగాయలు..."

"ఆ అక్కవా! పుంటికూరకు గోంగూర అంటవట గదా." ఆ గొంతు మెత్తబడింది. "ఆయన మస్తు చెప్తుండె నీ గురించి. మా అక్క నలభై ఇండ్లకు నేను పండించింది తినవెడ్తది అంటుండె. గసొంటి అక్కకు చెడ్డపేరు తెచ్చిండు. ఏమనుకోకుండ్రి."

"గౌరవ్వా, అతనేం చెయ్యలేదు. అతను మంచి ఆకే పంపాడు. మార్కెట్ ఆకు తెచ్చి కలిపింది నేను. చీటీలో తప్పు రాసింది నేను. అతనికి ఏమీ తెలీదు."

అటువైపు కోళ్ళ అరుపులు వినిపించాయి. ఎవరో పిల్లవాణ్ణి "ఆగు జెర" అని కసిరింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"గట్లనా" అంది చివరికి. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. "మరి గప్పుడే ఎందుకు చెప్పలె?"

లింబాద్రి కూడా నావైపు తిరిగాడు. అతనికి ఆ ప్రశ్న వినపడి ఉండదు. నా మొహం చూస్తున్నాడు, అంతే.

"హలో?" అంది గౌరవ్వ. "అక్కా, ఇనవడ్తుందా?"

"వినపడుతోందమ్మా" అన్నాను.

"మరి చెప్పు."

"వినపడుతోంది" అన్నాను మళ్ళీ.